మూడో కుండ నీళ్ళు

మూడో కుండ మీది మోదుగాకు తీసి, ఆ నీళ్ళు ఏ బావివో నరహరి సారు చెప్పినప్పుడు బడి అరుగు మీద ఎవరికీ కోపం రాలేదు. నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది అదే. పిల్లలమంతా వరసగా వచ్చి, దొప్పలతో అన్ని కుండల నీళ్ళూ తాగి, ఏవి తియ్యగా ఉన్నాయో సారు చెవిలో చెప్పాం. ఒకరు చెప్పింది ఇంకొకరికి వినపడకూడదని ఆయన నియమం. అందరం మూడో కుండనే చెప్పాం. ఆ నీళ్ళు ఊరికి దక్షిణాన, విడిగా ఉండే మాదిగవాడ బావివి. వెనక నిలబడ్డ పెద్దవాళ్ళలో ఒకరిద్దరు కండువాలు సర్దుకున్నారు. ఒకామె కొడుకు రెక్క పట్టుకొని అరుగు దింపి తీసుకుపోయింది. మా తాత మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఆయన ఊరికి పటేలు. సారు పిలిస్తే పెద్దరికానికి వచ్చి కూర్చున్నాడు. చేతికర్ర మీద గడ్డం ఆనించి మూడో కుండ వంకే చూస్తూ, మెల్లగా ఒక మాట అడిగాడు.

"ఎండకాలం గూడ గిట్లనే ఉంటదా సారూ?"

సారు ముఖం వెలిగిపోయింది. ఆయన పాఠంలో ఊరి పెద్ద ఆసక్తి చూపడం అదే మొదటిసారి. "ఉంటది పటేలా. నేను పోయి చూసిన. అడుగున మంచి ఊట ఉంది, ఎండదు" అన్నాడు.

తాత తల ఊపాడు. లేచి, చెప్పులు తొడుక్కొని, ఎండలోకి దిగి వెళ్ళిపోయాడు.

పత్రికలో పనిచేసినన్నాళ్ళూ విద్య గురించిన వ్యాసాలు నా బల్ల మీదికి ఎన్నో వచ్చేవి. చదువు ఏ తాత్విక భూమిక మీద నిలబడాలి, పిల్లలకు ముందు అందవలసింది పెద్దలు కూడబెట్టిన జ్ఞానమా, సొంత అనుభవమా అని పెద్దపెద్దవాళ్ళు రాసేవారు. దోషాలు దిద్ది, శీర్షిక పెట్టి అచ్చుకు పంపేదాన్ని. ఆ వ్యాసాలు చదువుతున్నంతసేపూ నాలుక మీద ఆ నీళ్ళ రుచి తగిలేది. మొన్న వేసవిలో ఊరికి పోయి వచ్చిన దగ్గర్నుంచి అది మరీ ఎక్కువైంది.

మా ఊరు పటాన్‌చెరు నుంచి జిన్నారం పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది. అప్పటికి ఆ చుట్టుపక్కల కంపెనీలు లేవు. జొన్న చేలు, బండరాళ్ళు, సీతాఫలం పొదలు, ఎండాకాలం వస్తే మధ్యాహ్నమంతా ఈలవేస్తూ తిరిగే వడగాలి. మా పెరట్లో చేదబావి ఉండేది. నీళ్ళకు కరువు లేదు కాని అవి ఉప్పన. ఆ నీళ్ళలో కందిపప్పు ఎంత ఉడికించినా పలుకుపలుకుగానే ఉండేది. మా అవ్వ, అంటే నాయినమ్మ, పొయ్యి ముందు కూర్చొని పప్పుగుత్తితో కుమ్ముతూ బావిని తిట్టేది. గంగాళం అంచు చుట్టూ సున్నం లాంటి పొర కట్టేది, చింతపండు పెట్టి తోమినా పోయేది కాదు. తాగే నీళ్ళు మాత్రం జీతగాళ్ళు కావడి మీద జొన్న చెల్కల అవతలి మోటబావి నుంచి తెచ్చేవాళ్ళు. ఎండలు ముదిరితే అదీ అడుగంటేది. అప్పుడు ఆ మురికి నీళ్ళను చిల్లగింజ అరగదీసి తేర్చుకునేవాళ్ళం. ఇంట్లో ఎప్పుడూ తడిసిన గుడ్డ వాసన, పొగ వాసన, ఆ చిల్లగింజ వాసన. ఉడకని పప్పు పంటికింద పడితే తాత కంచం కాస్త ముందుకు జరిపేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఆయనకు కోపమొచ్చినా, ఏదన్నా కావాలనిపించినా ఆ రోజు తెలిసేది కాదు, కొన్నాళ్ళ తర్వాత ఎక్కడో ఒక పని మొదలయ్యేది. అప్పుడు మా అమ్మ, చిన్నమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు.

బడి అప్పుడు రెండు కాలాల మధ్య ఉంది. ఖాదర్ మౌల్వీ సాబు నిజాం జమానా నుంచి ఉన్న ఉర్దూ పంతులు. తెల్లటి గడ్డం, పాన్ డబ్బా, దగ్గరికి పోతే అత్తరు, కాచు కలిసిన వాసన. చదువు ఉర్దూ నుంచి తెలుగుకు మారాక ఆయన దగ్గర కొందరు పిల్లలే మిగిలారు. కంఠస్థం ఆయన పద్ధతి. "పహెలే గొంతులకు దిగాలె బేటా. మతలబ్ ఎన్కనుంచి అదే వస్తది" అనేవాడు. మా నాయిన ఆయన శిష్యుడే. అర్థం తెలియని వయసులో నేర్చిన పంక్తులు గట్టు మీద కూర్చొని ముసలితనంలో కూడా చెప్పుకొనేవాడు, అప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకొనేవాడు.

నరహరి సారు దానికి పూర్తిగా ఎదురు. పని ద్వారా చదువు చెప్పే కొత్త పద్ధతిలో శిక్షణ పొంది వచ్చిన యువకుడు. బడి వెనక వంకాయ మళ్ళు తవ్వించాడు, అందరి చేతికీ తక్లీలు ఇచ్చి నూలు వడికించాడు. ఊరివాళ్ళు వెనక నుంచి తక్లీ సారు అని నవ్వేవాళ్ళు. "మా పోరడు ఇంట్ల తవ్వుడే తవ్వుడు, బడికి పంపుడెందుకు మల్ల" అని ఒక తండ్రి అడగనే అడిగాడు. సారు ఏ పాఠం చెప్పినా ఒక ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగేవాడు. భూమి గుండ్రంగా ఉంటుందని మేము చెప్తే, "నీకెట్ల తెలుసు?" అనేవాడు. పుస్తకంలో ఉందంటే, "పుస్తకానికెట్ల తెలుసు?" అనేవాడు. చూసిందో, ముట్టుకున్నదో, రుచి చూసిందో అయితేనే 'తెలుసు' అనాలి, లేకపోతే 'విన్న' అనాలి. ఈ తేడా తెలిసిన మనిషికి ఎవరి భయమూ ఉండదని ఆయన నమ్మకం.

మాకు ఆ ప్రశ్న పిచ్చిలా పట్టుకుంది. చింతచెట్టు మీద దయ్యం ఉందని నీకెట్ల తెలుసని అడిగితే అవ్వ నా మీదికి గరిటె విసిరింది. ఒకసారి భోజనాల దగ్గర తాత, ఆ గుట్ట కింది భూమంతా తాతముత్తాతల నుంచి మనదే అన్నాడు. "నీకెట్ల తెలుసు తాతా?" అన్నాను. చిన్నమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. తాత మాత్రం నవ్వాడు. ఆయన నవ్వడం చాలా అరుదు. "మంచిగ అడిగినవ్ బిడ్డా. ఎవరు నేర్పిండ్రు?" అన్నాడు. సారు పేరు చెప్పాను. "మంచి మాట, మంచి మాట" అని రెండుసార్లు అనుకుని చెయ్యి కడుక్కున్నాడు.

నీళ్ళ పాఠం అట్లా వచ్చిందే. ఊళ్ళో ఏ వాడ బావి ఆ వాడదే, ఒకరి బావి నీళ్ళు ఇంకొకరు తాగరు. తాగకుండానే ప్రతి ఇంటివాళ్ళూ మా బావి నీళ్ళే మంచివి అంటారు. ఎట్ల తెలుసు? సారు కుమ్మరింటి నుంచి కొత్త కుండలు తెప్పించి, ఎవరి వాడ నీళ్ళు వాళ్ళతోనే తెప్పించి, మోదుగాకులు కప్పి, వరస తారుమారు చేశాడు. ఎవరికీ ముందుగా ఏమీ చెప్పలేదు. మూడో కుండ నీళ్ళు మోసుకొచ్చింది సాయమ్మ. చాప చివర, మాకు ఎడంగా కూర్చునే ఆ పిల్ల చెప్పుల పని చేసే బాలయ్య కూతురు. ఆ వాడ నుంచి బడికి వచ్చిన మొదటి ఆడపిల్ల. పెద్దవాళ్ళు లేనప్పుడు నన్ను ఊరికే వదిలేది కాదు. "పటేలమ్మా, మీ బాయి నీళ్ళు మా బర్రె మూతి గూడ వెట్టదే" అనేది. ఆ రోజు ఆకు తీసినప్పుడు ఆమె తలెత్తి అందరి వంకా ఒకసారి చూసింది. అట్లా చూడటం నేను అంతకుముందు ఎరగను.

సాయంత్రం ఇంట్లో అవ్వ నన్ను బావి దగ్గర కూర్చోబెట్టి తల మీంచి నీళ్ళు పోసింది. తర్వాత తన ఉంగరం తీసి, దీపం మీద కాచి, నాలుక చాపమన్నది. అంటించీ అంటించనట్టు అంటించింది. "అయిపోయిందిగ. ఏడవకు" అని చక్కెర పెట్టింది. నాలుగు రోజులు అన్నం కారంగా తగిలింది. చుట్టుపక్కల ఇళ్ళలోనూ ఏదో ఒక శుద్ధి జరిగే ఉంటుంది. మరునాడు పిల్లలు తక్కువ వచ్చారు, ఆ తర్వాత అందరూ వచ్చారు. గొడవ కాలేదు. సారు దాన్ని తన గెలుపుగా తీసుకున్నాడు.

అరుగు మీద పాన్ చుట్టుకుంటూ మౌల్వీ సాబు ఆయనతో అన్న మాటలు నేను తక్లీ తిప్పుతూ విన్నాను. "నరహరీ, ఇల్మ్, గీ సదువు, అమానత్. ఒకరు మనకాడ దాసిపెట్టిన సొమ్ము లెక్క. బయట పెట్టేటప్పుడు వాకిట్ల ఎవరు నిలవడ్డరో సూస్కోవాలె."

"నిజానికి దాపరికమెందుకు మౌల్వీ సాబ్? తెలిస్తే మనుషులు మారుతరు" అన్నాడు సారు.

"పటేలు ఏమన్న తిట్టిండా?"

"లేదు. చాలా మంచిగ మాట్లాడిండు."

"గదే పరేషాన్" అని మౌల్వీ సాబు పాన్ బుగ్గన పెట్టుకున్నాడు.

ఎండలు ముదరక ముందే తాత బాలయ్యను పిలిపించాడు. వాడలో బావి పూడుకుపోయిందట కదా, తన ఖర్చుతో పూడిక తీయిస్తానన్నాడు. బాలయ్య గడప బయట నేలకు చేతులానించి దండం పెట్టాడు. మరునాటి నుంచి వాడ మగవాళ్ళంతా బావిలోకి దిగారు. గడ్డపారల చప్పుడు మా పెరట్లోకి వినిపించేది. సారు మమ్మల్ని వరసగా నడిపించుకుపోయి బావి గట్టున నిలబెట్టాడు. మట్టి పొరలు చూపించాడు, ఊట ఎట్లా పుడుతుందో చెప్పాడు. కింద నడుము లోతు బురదలో నిలబడి బాలయ్య పైకి చూసి నవ్వాడు. "సారూ, నీ కుండ మా బాయికి మంచి రోజులు తెచ్చింది" అని అరిచాడు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సాయమ్మ నా పక్కనే, ఈసారి ఎడం లేకుండా నిలబడింది. దారిలో మౌల్వీ సాబు ఎదురొచ్చాడు. మమ్మల్ని చూసి, బావి వైపు చూసి, పక్క సందులోకి తిరిగిపోయాడు.

పూడిక తీయడం అయ్యాక రాతికట్టు మొదలైంది. కట్టు అయ్యాక, దాని చుట్టూ ప్రహరీ. ప్రహరీ ఎందుకో వాడవాళ్ళకు తెలియలేదు. పశువులు పడకుండా అని ఎవరో చెప్పారు. దానికి తలుపు మాత్రం ఊరివైపు పెట్టారు. వాడవైపు తుమ్మకంప పరిచారు. బొంతపల్లి జాతరకు వాడంతా పోయిన రోజున అయ్యవారు వచ్చి మంత్రాలు చదివి, పసుపు, ఆవుపంచితం బావిలో పోశాడు. జాతర నుంచి బొరుగుల మూటలతో తిరిగి వచ్చినవాళ్ళకు తలుపుకు తాళం, దాని ముందు మా జీతగాడు కనిపించారు.

ఇవేవీ నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసింది భోజనం దగ్గర. ఆ రోజు పప్పు వెన్నలా ఉడికింది. తాత రెండోసారి వడ్డించుకున్నాడు. అవ్వ ముఖంలో ఎన్నడూ చూడని నిమ్మళం. నేను చెంబెత్తి నీళ్ళు తాగి ఆగిపోయాను. మొదట ఏమీ లేనట్టుండి, మింగాక గొంతు మొదట్లో తీపి తేలే నీళ్ళు. నాలుక మీద ఉంగరం అంటిన చోట కూడా ఆ తీపే తగిలింది.

"ఇవి సాయమ్మోళ్ళ బాయి నీళ్ళు" అన్నాను.

"కాదు" అంది అవ్వ, నా కంచంలో నెయ్యి వేస్తూ. "మన బాయియి."

రెండు రోజులకు సారు మా ఇంటికి వచ్చాడు. తాత లేచి ఎదురెళ్ళి కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెమ్మన్నాడు. నేనే తెచ్చిచ్చాను. సారు చెంబు నోటి దాకా తీసుకుని, వాసన తగిలినవాడిలా ఆగి, తాగకుండా పక్కన పెట్టాడు.

"పటేలా, ఆ బాయి వాళ్ళది. ఎండకాలం మీద పడ్డది. వాళ్ళు యాడికి పోవాలె?"

"నీళ్ళకు కులం లేదని మీరే కద సారూ చెప్పింది? మేం తాగుతున్నం. మా ఇంటిది నోరు మూసుకొని వండుతున్నది. మీ మాట నిలబెట్టినం కద."

"తాగుండ్రి, వద్దంటలేను. వాళ్ళను గూడ తాగనియ్యాలె."

"వాగు ఉన్నది కద వాళ్ళకు."

"వాగు ఎంత దూరం పటేలా? బాయి వాళ్ళ తాతలు తవ్వుకున్నది."

తాత కర్ర మీద గడ్డం ఆనించాడు. గొంతు ఏ మాత్రం పెంచకుండా, అరుగు మీద అడిగినంత మెల్లగా అడిగాడు. "వాళ్ళ తాతలు తవ్విండ్రని మీకెట్ల తెలుసు సారూ? మీరు చూసిండ్రా? విన్నరా?"

నేను స్తంభం పక్కనే నిలబడి ఉన్నాను. సారు లేచి నిలబడ్డాడు. సంగారెడ్డికి పోయి పైవాళ్ళతో మాట్లాడతానని చివరికి అన్నాడు. "పోయి రాండ్రి. బండి కట్టిస్త" అన్నాడు తాత. మా బండి మీద కాదు, నడిచే పోయాడని తర్వాత విన్నాను. అక్కడ ఏం జరిగిందో ఆయన ఎవరికీ చెప్పలేదు.

తిరిగి వచ్చాక ఆయన మమ్మల్ని ప్రశ్న అడగలేదు. ఎక్కాలు చెప్పించాడు. రెండొకట్ల రెండు, రెండు రెండ్ల నాలుగు. పొద్దున మొదలుపెడితే ఎండ నడినెత్తికి వచ్చేదాకా. ఎవరన్నా చెయ్యెత్తి ఏదన్నా అడగబోతే, "చెప్పు, చెప్పు, ఆపకు" అనేవాడు. వంకాయ మళ్ళు ఎండిపోయాయి. ఒకసారి మౌల్వీ సాబు గుమ్మంలో నిలబడి ఆ అరుపులు చాలాసేపు విన్నాడు. తన పద్ధతే బడిలోకి తిరిగొచ్చిందని ఆయన సంతోషిస్తాడనుకున్నాను. "ఇది నాది కాదు నరహరీ" అన్నాడు. "నేను పోరగాళ్ళతోని మొహబ్బత్‌గ చెప్పించిన. నువ్వు భయపడి చెప్పిస్తున్నవ్." సారు ఎక్కం ఆపలేదు.

సాయమ్మ బడికి రావడం మానేసింది. వాగు దాకా పోయి, ఇసకలో చెలిమ తవ్వుకొని, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి బిందె నింపుకొని వచ్చేసరికి బడి వేళ దాటిపోయేది. వాళ్ళ అమ్మ కూలికి పోవాలి, కనుక నీళ్ళ పని ఆ పిల్ల మీద పడింది. ఒకసారి దారిలో కనిపించింది. తల మీద బిందె, మెడ బిగబట్టి నడుస్తోంది. పలకరించాను. ఆమె ఆగకుండానే, "పప్పు ఉడుకుతుందా పటేలమ్మా?" అని నవ్వుతున్నట్టే అడిగింది. ఆ వానాకాలం వాగు నీళ్ళతో వాడలో గత్తర, అంటే కలరా, వచ్చింది. మా ఇంట్లో తలుపులు వేసి ఉంచేవాళ్ళు. గాలి అటునుంచి ఉన్నప్పుడు ఏడుపులు వినిపించేవి. బాలయ్య చిన్న కొడుకు పోయాడు. ఆ వానలు వెలిశాక సారు ఊరు విడిచిపోయాడు. బదిలీ అయిందని కొందరన్నారు, రాజీనామా అని కొందరు. ఆయన గది ముందు తక్లీల బుట్ట అట్లాగే ఉండిపోయింది.

మొన్న వేసవిలో పోయినప్పుడు గుట్ట కింద ఊరు గుర్తుపట్టలేకపోయాను. పాశమైలారం వైపు నుంచి వరసగా లారీలు. గాలిలో కుళ్ళిన కోడిగుడ్డు, మందుల దుకాణం కలిసిన వాసన. సాయంత్రమైతే అది ఎక్కువవుతుందని, అలవాటైతే తెలియదని ఆటో అబ్బాయి చెప్పాడు. సాయమ్మ కాలనీలో ఉంది, చూపు కాస్త మందగించింది. నన్ను గొంతుతోనే గుర్తుపట్టింది. "పటేలమ్మ వచ్చిందే, కుర్చీ ఎయ్యి" అని మనవరాలిని కేకేసింది. ఆ పిల్ల డిగ్రీ చదివి, మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేస్తోంది. ఊళ్ళో అందరికీ చదువు ఉంది ఇప్పుడు. బోర్లలో నీళ్ళు ఎర్రగా వస్తే ఎవరూ ఎందుకని అడగరు, క్యాన్ తెచ్చుకుంటారు. మా అప్పటి ప్రశ్న ఒక తరాన్నన్నా దాటిందేమోనని ఆ పిల్లను కదిలించాను. కంపెనీలో తయారయ్యేదేమిటని అడిగాను. "మాకు చెప్పరమ్మమ్మా. మేం డబ్బాలల్ల పెడతం, అంతే" అంది.

"మా బాయిని మీ చిన్నాయిన భూమితోటి గలిపి కంపెనీకి అమ్మిండు" అంది సాయమ్మ. కోపంగా కాదు, ఎవరికో పెళ్ళయిందని చెప్పినట్టు. "గోడ లోపటుంది. నరహరి సారు మంచోడే. గని కుండ మీది ఆకు తీసినంక ఏం జెయ్యాల్నో ఆయనకు ఎవరు నేర్పలే." తర్వాత ప్లాస్టిక్ గ్లాసులో క్యాన్ నీళ్ళు పోసి నా చేతికిచ్చి, మందగించిన కళ్ళతో నా వైపే చూస్తూ కూర్చుంది. "తాగి సెప్పు. ఎట్లున్నయి?"

తాగాను. వాటికి ఏ రుచీ లేదు. అదే చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది.

పోయేముందు మనవరాలు నన్ను కంపెనీ వెనక గోడ దాకా తీసుకుపోయి, గేటు సందులోంచి చూపించింది. గడ్డి మధ్య పాత రాతికట్టు, దాని మీద వెల్డింగ్ చేసిన ఇనుప మూత. ఎప్పుడు వేశారో ఆ పిల్లకు తెలియదు, వాచ్‌మన్‌కూ తెలియదు. దాని కింద ఇంకా నీళ్ళున్నాయో లేవో, ఉంటే ఎట్లా ఉన్నాయో, రుచి చూసి చెప్పిన వాళ్ళు మూత పడ్డాక ఒక్కరూ లేరు.